ఊరంతా ఒక్క మాట... కాదంటే?

పట్నంలో అపార్టుమెంటు అసోసియేషన్ ఎలాగో, బాన్సువాడ చుట్టుపక్కల పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీ అలాగ. అందరూ 'వీడీసీ' అంటారు. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలోని చాలా ఊళ్లలో పంచాయతీ కన్నా దాని మాటే చెల్లుతుంది.

మంచి లేదని కాదు. సర్కారు నిధుల కోసం ఎదురుచూడకుండా ఊరే పైసలు పోగేసి గుడి కట్టుకుంటుంది, బోరు బాగు చేయించుకుంటుంది. గట్టు తగాదా ఠాణా దాకా పోకుండా రచ్చకట్ట దగ్గరే తీరిపోతుంది.

మరి కాదన్నవాడి సంగతో? జరిమానా! కట్టకపోతే డప్పు చాటింపు... 'ఆ ఇంటితో ఎవరూ మాట్లాడొద్దు' అని. కిరాణా కొట్లో ఉప్పు పుట్టదు. పొలానికి కూలీలు రారు. జాలిపడి మాట కలిపినవాడికీ దండుగే. పక్కింటికి ఆడుకోవడానికి పరుగెత్తే పసివాణ్ని వెనక్కి పిలిచి ఆ తల్లి ఏం చెప్పాలి?

అపార్టుమెంటు సంఘానికి 1987 నాటి చట్టం ఉంది, బైలా ఉంది. వీడీసీకి అలాంటి చట్టబద్ధత లేదు. పొరుగునున్న మహారాష్ట్రలో సాంఘిక బహిష్కరణ నేరమంటూ 2016లోనే శాసనసభ చట్టం చేసింది.

ఊరు కలిసుంటే బలమే. ఆ బలం ఒక్క ఇంటి మీదికి తిరిగినప్పుడు 'ఇది తప్పు' అనే గొంతు రెండో ఇంట్లోంచి లేవాలి. రేపు ఆ డప్పు ఎవరి వాకిట్లో మోగుతుందో ఎవరికెరుక?