రెండు పాత రాజధానులు

రాజధాని యనఁగనే కోటయు, రాజవీథులును మనకు స్ఫురించును. పల్నాటి పాత రాజధానులఁ జూడఁబోవు బాటసారికి వాని జాడ కొంచెమే కానవచ్చును. 12వ శతాబ్దమున నలగామరాజు గురజాలనుండియు, మలిదేవరాజు మాచెర్లనుండియు నేలిరి. ఇరువురు నొక్క తండ్రి బిడ్డలే. గురజాల వీధులలో నేను దిరిగినంతసేపును అంగళ్లు, బస్సుల రొద, మిరపకాయల ఘాటు తప్ప రాజసమని చెప్పఁదగిన దేదియు నెదురుపడలేదు. మాచెర్లలోఁ జంద్రవంక యొడ్డున చెన్నకేశవుని గుడి నేఁటికిని బూజలందుకొనుచున్నది.

కథ కడముట్టినది కారెంపూడిలో, నాగులేటి యొడ్డున. కోడిపందెముతో రగిలిన దాయాదిపగ యచ్చట నిరుపక్షముల వీరులను బలిగొన్నది. వీరుల గుడిలో వారి యాయుధములను దైవములుగాఁ గొలుతురు. ఏఁటేఁటఁ గార్తికామావాస్య మొదలు అయిదు దినము లుత్సవము జరుగును. మూఁడవనాఁడు మందపోరు, ఆనాఁడే చాపకూడు. బ్రహ్మనాయుఁడు సకల కులములవారిని ఒక్క బంతిని గూర్చుండఁబెట్టి భుజింపఁజేసెననియు, మాలకులమునఁ బుట్టిన కన్నమదాసును గొడుకుగాఁ జేకొని సేనానిని జేసెననియు వీరగాథ చెప్పుచున్నది.

చదువరులారా, ఆ పోరును మనము తరతరములుగాఁ గొనియాడుచున్నాము. ఆ బంతిని మాత్ర మొక్క దినమునకుఁ బరిమితము చేసితిమి. ఉత్సవమునఁ గలసి భుజించినవారే మఱునాఁడు వేఱు వాడలకుఁ బోవుదురు. పనివానికి వేఱు గ్లాసు నిచ్చు నిండ్లు చదువుకొన్నవారిలోను గలవు. సింహాసనములు మట్టిలోఁ గలసినవి. వానిని వెదకి ఫలము లేదు. మిగిలినది చాప యొక్కటే. దానిని మన వంటయింటి ముంగిటఁ బఱచుటకు రాజాజ్ఞ యక్కఱలేదు, ఇంటివారి మనస్సు చాలును.