వెనక సీటు వాళ్ల నడుం నొప్పి

అంబర్‌పేట్‌లో కాపురం ఉన్నవాళ్లకు చిక్కడపల్లి పెద్ద దూరమేం కాదు. ఛే నంబర్ చౌరస్తా నుంచి తిలక్ నగర్, ఫీవర్ హాస్పిటల్, శంకర్ మఠం మీదుగా వెళ్తే నాలుగైదు కిలోమీటర్లు. ఆదివారం వచ్చిందంటే మావారి బండెక్కి బయల్దేరేదాన్ని. అశోక్ నగర్‌లోని సిటీ సెంట్రల్ లైబ్రరీకి మావారు, చిక్కడపల్లి మార్కెట్‌కు నేను. తిరుగు ప్రయాణం నారాయణగూడ, బర్కత్‌పురా మీదుగా.

వెళ్లేటప్పుడు హాయిగానే ఉండేది. వచ్చేటప్పుడే అసలు బాధ! పది కిలోల బియ్యం, పప్పులు, కూరల సంచులతో బండి నిండిపోయేది. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా వెనక 'ఠక్'మని శబ్దం, నా నడుంలో కలుక్కు. "నువ్వు సరిగ్గా కూర్చోవు" అనేవారు మావారు. నిజమే కాబోలు అనుకుని రాత్రిళ్లు కాపడం పెట్టుకునేదాన్ని.

ఒకరోజు చీకటి పడ్డాక బర్కత్‌పురా మలుపులో హ్యాండిల్ తేలిపోయి బండి ఊగింది. ఎదురొచ్చే ఆటో అతను లైటు కళ్లల్లో కొడుతోందని కేకలేశాడు. పడబోయి నిలదొక్కుకున్నాం. మర్నాడే మా వీధి మెకానిక్ దగ్గరికి వెళ్లాం. అతను మా ఇద్దర్నీ బండి మీద కూర్చోమని, వెనక ఎంత దిగుతుందో చూశాడు.

"ఒక్కరి కోసం పెట్టిన సెట్టింగ్ సార్ ఇది. మీరు ఇద్దరు, పైనుంచి బియ్యం. ఎట్ల ఆగుతది?" అన్నాడు.

వెనక చక్రానికి రెండు పక్కలా ఉండే షాకప్‌ల స్ప్రింగు దగ్గర మెట్లున్న రింగు ఒకటి ఉంటుంది, గమనించారా? చాలా బళ్లకు అయిదు మెట్లు. ఒక్కరే వెళ్తే కింది మెట్టు, వెనక మనిషి, సామాను ఉంటే పై మెట్టు. బండి సెంటర్ స్టాండ్ మీద ఉంచి, కొక్కెంలాంటి పానాతో తిప్పాలి. రెండు పక్కలా ఒకే మెట్టు ఉండి తీరాలి. వెనక భాగం కుంగితే ముందు చక్రం మీద బరువు తగ్గుతుంది, లైటు పైకి లేస్తుంది. ఆ రోజు జరిగింది అదే!

కొన్ని పెద్ద బైకులకు ఈ పని గాలి చేస్తుంది. 1980 నాటి హోండా గోల్డ్ వింగ్ అలాంటిదే. బరువును బట్టి షాకప్‌లోకి గాలి కొద్దికొద్దిగా ఎక్కించాలి. అందులో పట్టే గాలి చాలా తక్కువ. టైర్లకు కొట్టినట్టు కంప్రెసర్‌తో కొడితే క్షణంలో ఎక్కువై సీళ్లు పాడవుతాయి. అందుకే చిన్న చేతిపంపు వాడతారు.

మరో మాట. మెట్టు పెంచినంత మాత్రాన బండి మోయగల బరువు పెరగదు. ముగ్గురు ఎక్కొచ్చనీ కాదు. చట్టం కూడా వెనక ఒక్కరినే ఒప్పుకుంటుంది. ఇద్దరు వెళ్లేటప్పుడు వెనక టైరుకు గాలి ఎంత ఉండాలో బండితో వచ్చిన పుస్తకంలో విడిగా రాసి ఉంటుంది, చూడండి. షాకప్ దగ్గర నూనె కారుతుంటే ఏ మెట్టూ పనిచేయదు, బాగు చేయించాల్సిందే.

ఇప్పుడు ఆదివారం వస్తే "సామాను ఎంత ఉంటుంది?" అని మావారే అడిగి పానా తీస్తున్నారు. మీకూ వెనక సీట్లో నడుం పట్టేస్తుంటే మీ కూర్చోవడాన్నే తప్పుపట్టుకోకండి. ముందు ఆ రింగు ఏ మెట్టు మీద ఉందో చూడమనండి. అయినా నొప్పి తగ్గకపోతే మాత్రం అశ్రద్ధ చేయకుండా డాక్టర్‌కు చూపించుకోండి.