ద్రాక్షారామంలో రంబుటాన్

ద్రాక్షారామమన్న పేరు వినగానే కొత్తవారికి ద్రాక్షపందిళ్లు స్ఫురించవచ్చు. కాని ఈ సీమ వరికి, కొబ్బరికి పుట్టినిల్లు. దక్షుని పేరిట వెలసిన దాక్షారామమే జనవ్యవహారంలో ద్రాక్షారామమైనదని పెద్దలు చెబుతారు. శ్రీనాథుడు భీమేశ్వర పురాణంలో కీర్తించిన ఈ క్షేత్రంలో భీమేశ్వరాలయమే కాక, భక్తులు సేవించుకొనే దర్గా కూడ ఉన్నది. లేని పండు పేరు ఊరికి స్థిరపడిన ఈ చోట, పేరు తెలియని పండొకటి ఇటీవల మా దృష్టిని ఆకర్షించింది. అదే రంబుటాన్.

మలేషియా, ఇండోనేషియా వర్షారణ్యాలు దీని జన్మస్థానం. మలయ భాషలో 'రంబుత్' అనగా వెంట్రుక. ఎర్రని కాయ ఒడలంతా మెత్తని కేశాలు, లోపల లిచీని పోలిన తెల్లని గుజ్జు. మన కుంకుడు చెట్టుది కూడ ఈ కుటుంబమే! పూర్వం అరబ్బు వర్తకులు దీనిని జాంజిబారు దీవికి చేర్చారంటారు. ఎడతెగని తేమ, లేతవయసులో కొంత నీడ దీనికి కావాలి. కొబ్బరితోట ఆ రెండింటినీ ఇస్తుంది. 2016లో మన దేశంలో తొలిసారి కనిపించిన సర్పిలాకార తెల్లదోమ కొబ్బరిని పీడించడంతో, అంతరపంటల మీద రైతుల ఆశ మరింత పెరిగింది. గోదావరి జిల్లాలలో కొందరు రంబుటాన్‌ను కొద్దికొద్దిగా పెంచుతున్నారు. కడియం ప్రాంతపు నర్సరీలలో అంటుమొక్కలు లభిస్తాయి.

మాకు పరిచితుడైన ఒక చిన్నరైతు మాత్రం గింజ నాటి చెట్టును పెంచాడు. ఆరేండ్లు నీరు పోశాడు. పూత వచ్చింది, పిందె నిలువలేదు. "ఇది మన నేల చెట్టు కాదండి మాష్టారూ! ఎక్కడిదో తెచ్చి పెట్టాం. కొట్టించేస్తానండి" అన్నాడొకనాడు. ఇరుగుపొరుగువారిదీ అదే తీర్పు.

ఆ మాట మాకు నచ్చలేదు. సీతమ్మ పేరు పెట్టుకొన్న సీతాఫలం అమెరికా ఖండం నుండి వచ్చినది. ఆవకాయకు ప్రాణమైన మిరప సైతం అక్కడిదే. పొమ్మన్నవారెవరు? పూత తెలిసిన ఒక నర్సరీ పనివానిని పిలిపించి చూపించాము. అతడు పూలగుత్తిని అరచేతిలో విదిలించి, "నేల తప్పు కాదండి, ఇది మగచెట్టండి" అన్నాడు. గింజ మొక్కలలో ఇంచుమించు సగం మగవే అవుతాయట. అంటుమొక్కకు ఆ భయం లేదు, మూడు నాలుగేండ్లకే కాపు మొదలవుతుంది.

చెట్టును వేరుతో పెకలించలేదు. కాండం కోయించి, చిగిర్చిన కొమ్మలకు కాచే చెట్టు కన్నులు అంటు కట్టించాడు. కన్నులలో రెండు పట్టుకొన్నవి. కాపు వచ్చినా కష్టం తీరదు. కోసిన తరువాత ఈ కాయ ముగ్గదు. రెండుమూడు రోజులకే కేశాలు వాడి నల్లబడతాయి. కనుక దగ్గరి సంతలోనే అమ్ముడుపోవాలి. దగ్గరి సంతకు దీని పేరే తెలియదు.

"దీనికి తెలుగులో మంచి పేరొకటి చెప్పండి మాష్టారూ, మీరు తెలుగు చెబుతారు కదా!" అన్నాడు రైతు.

మేము కొంత ఆలోచించి, ఉన్న పేరే ఉండనిమ్మన్నాము. రైతు, కౌలు, ఖరీఫు, రబీ — ఇవన్నీ అరబ్బీ మాటలే. అతడు వానిని ఏనాడూ పరాయివనుకోలేదు. సంతలో పదిమంది నోట పడితే రంబుటాన్ కూడ తెలుగు ముడుచుకొంటుంది. అంతవరకు ఆ రెండు కన్నులకు వేసవిలో నీరు తప్పకుండ చూడమని చెప్పి వచ్చాము.