పుర్జా మారిస్తే కచ్రా తగ్గుతుందా?

ఏ పుర్జా పాడైతే ఆ పుర్జానే మార్చుకునే ల్యాప్‌టాప్‌ల గురించి ఈ మధ్య మన కుర్రాళ్లు తెగ మాట్లాడుతున్నారు. ఫ్రేమ్‌వర్క్ అనే అమెరికా కంపెనీ 2021లో మొదటిది తెచ్చింది. డబ్బాలోనే స్క్రూడ్రైవర్ పెట్టి ఇస్తారు. బ్యాటరీ, తెర, కీబోర్డు, ఆఖరికి మదర్‌బోర్డు కూడా ఇంట్లో కూర్చుని విప్పి మార్చుకోవచ్చు. 2021లో కొన్న డొక్కులోనే 2025లో వచ్చిన కొత్త బోర్డు పెట్టుకోవచ్చు. మాషా అల్లాహ్, మంచి ఖయాలే. అయితే దీంతో ఎలక్ట్రానిక్ కచ్రా నిజంగా తగ్గుతుందా అన్నది నా సవాల్.

నాకు ఈ సవాల్ ఇంటర్నెట్‌లో పుట్టలేదు, డొంకూరులో పుట్టింది. ఇచ్ఛాపురం మండలంలో సముద్రం ఒడ్డునున్న మత్స్యకారుల ఊరది. నా కాలేజీ దోస్త్ ఇల్లు అక్కడే. వాళ్ల నాన్న వేటకు వెళ్తారు, చెల్లెలు డిగ్రీ చదువుతోంది. ఆ అమ్మాయి కోసం ముప్పై వేలు పెట్టి కిస్తుల మీద కొన్న ల్యాప్‌టాప్ మూడేళ్లు నిండకముందే చార్జింగ్ ఎక్కడం మానేసింది. పరీక్షలు చూస్తే వచ్చే నెల. ఇచ్ఛాపురంలో నాకు తెలిసిన మిస్త్రీ దగ్గరికి పట్టుకెళ్లాం. విప్పి చూసి పెదవి విరిచాడు.

"ఉప్పుగాలి భాయ్. పోర్టు వేరే ముక్కయితే గంటలో చేసిచ్చేవాణ్ణి. ఇది బోర్డుకే అతికించారు, తుప్పు లోపలికి పాకింది. ర్యామ్ కూడా బోర్డు మీదే. మొత్తం మార్చాలి, పద్నాలుగు వేలు."

తెర బాగుంది. కీబోర్డు బాగుంది. రూపాయి నాణెమంత చోటు పాడైనందుకు మిగతాదంతా కబాడీకి పోవాలట! ఆ అమ్మాయి ఒక్క మాట మాట్లాడలేదు, చార్జర్ వైరు చుట్టి సంచీలో పెట్టుకుంది.

అదే ఫ్రేమ్‌వర్క్‌లో అయితే బయటి పోర్టు ఒక చిన్న ముక్క. లాగితే ఊడి వస్తుంది, ఖరీదు కూడా తక్కువే. ఉప్పుగాలి లోపలికి పోదని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు గానీ, మొదటి దెబ్బ ఆ ముక్కే తింటుంది. కాబట్టి ఈ డిజైన్‌ను నేను తేలిగ్గా కొట్టిపారేయను. ఫాయిదా ఉంది.

కానీ హిసాబ్ రెండో వైపు కూడా చూడాలి కదా. కొత్త బోర్డు వేసుకున్నప్పుడు పాత బోర్డు ఎక్కడికి పోతుంది? దాన్ని చిన్న కంప్యూటర్‌గా వాడుకోమని కంపెనీయే చెబుతుంది, అందుకు వేరే డబ్బా కూడా అమ్ముతుంది. అలా వాడితే షుక్రియా. సొరుగులో పడేస్తే మాత్రం అది కూడా కచ్రానే, కాస్త ఆలస్యంగా బయటికొచ్చే కచ్రా. పైగా విప్పడం సులువైంది కదా అని ఏటా కొత్త పుర్జా కొనే షౌక్ మొదలైతే ఇక చెప్పేదేముంది. ఇంకో మాట. ఇదే కంపెనీ 2025లో ప్రకటించిన డెస్క్‌టాప్‌లో ర్యామ్‌ను బోర్డుకే అతికించింది. ఆ చిప్ వేగానికి అది తప్పలేదన్నారు. వేగం ముందు ఉసూల్ ఒక మెట్టు దిగింది.

2022లో ప్రపంచం మొత్తం మీద పోగైన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులని ఐక్యరాజ్యసమితి సంస్థలు లెక్క తేల్చాయి. పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకు దొరికింది అందులో 22.3 శాతమే. అంత గుట్టలో విప్పుకునే ల్యాప్‌టాప్‌ల వాటా ఎంతని? పలాస, టెక్కలి దుకాణాల్లో అవి కనిపించనే కనిపించవు.

డొంకూరులో వల చిరిగితే ఎవరైనా మొత్తం వల పారేస్తారా? ఒడ్డున కూర్చుని కన్ను కన్ను కలిపి కుట్టుకుంటారు. వల అలా కుట్టుకునేలా ఉండబట్టే అది కుదిరింది, నిజమే. దాంతోపాటు దారం ఊళ్లోనే దొరుకుతుంది, చవగ్గా దొరుకుతుంది, కుట్టే చేతులు ఇంటింటా ఉన్నాయి. ల్యాప్‌టాప్‌కి స్క్రూలు పెట్టినంత మాత్రాన ఆ దారం, ఆ చేతులు ఎక్కడి నుంచి వస్తాయి? ఫ్రాన్స్‌లో 2021 నుంచి ల్యాప్‌టాప్ మీద మరమ్మత్తు మార్కులు పదికి ఇన్ని అని వేస్తున్నారు. విప్పడం ఎంత సులువు అన్నదే కాదు, విడిభాగాలు దొరుకుతాయా, వాటి ధర ఎంత అన్నది కూడా అందులో లెక్క. నాకు అది నచ్చింది. మా మిస్త్రీ చెప్పిన పద్నాలుగు వేలకు ఎన్ని మార్కులు పడేవో!

చివరికి ఆయనే ఇలాజ్ చూపించాడు. ఆఫీసులు వాడి తీసేసిన పాత థింక్‌ప్యాడ్ ఒకటి, పదకొండు వేలకు. లావు, బరువు, షకల్ కూడా అంతంత మాత్రం. కానీ వెనక బ్యాటరీ చేత్తో ఊడుతుంది, ర్యామ్ స్లాటులో ఉంటుంది, చార్జింగ్ పిన్ను వేరే వైరుతో వస్తుంది. దాని పుర్జాలు సెకండ్ హ్యాండ్ బజారులో దండిగా తిరుగుతున్నాయి. మాడ్యులర్ అన్న పేరు దానికి ఎవరూ పెట్టలేదు. చచ్చిన ల్యాప్‌టాప్‌లోంచి ఎస్‌ఎస్‌డీ ఊడదీసి ఇందులో పెట్టాడు. నోట్సులన్నీ ఉన్నవి ఉన్నట్టే వచ్చాయి. అదొక్కటే దాంట్లో అతికించకుండా వదిలేశారు మరి.

పాత తెరకీ కీబోర్డుకీ మిస్త్రీ వెయ్యి రూపాయలు కట్టిచ్చాడు. తెర కవిటి నుంచి వచ్చిన ఒకరి ల్యాప్‌టాప్‌కు సరిపోయిందట. కీబోర్డు ఇంకా అల్మారాలోనే ఉంది. బోర్డు మాత్రం కబాడీ బస్తాలో పడింది.