మా చిన్నోడి కంప్యూటర్, మా అక్క ఇంటి చువ్వలు

పోయిన భాగం కింద నలుగురైదుగురు స్టూడెంట్లు ఒకటే అడిగారు: "అన్నా, మీ మీటింగ్ వీడియోలు ఏ కంప్యూటర్లో ఎడిట్ చేస్తరు? మేమూ ఒకటి కొనాలనుకుంటున్నం, ఏది తీసుకోవాలె?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది మా అక్క కొడుకు. వాడి దగ్గర నేను నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నా. మధ్యలో నేను నోరు జారిన ముచ్చట కూడా ఉంది, అది దాచితే ఈ భాగానికి అర్థం లేదు.

2024 దీపావళి తర్వాతి సంగతి. చిన్నోడు డిగ్రీ రెండో సంవత్సరం. మా మీటింగుల వీడియోలన్నీ కోసి అతికేది వాడే, నా పాత లాప్‌టాప్‌లో, 4 జీబీ ర్యామ్‌తో. రాత్రి రెండర్ పెట్టి పడుకుంటే పొద్దున లేచేసరికి సగంలో ఆగిపోయి ఉండేది. మళ్లీ మొదటినుంచి. ఒక్కనాడు విసుక్కోలేదు. వాడికి ఆటల పిచ్చి కూడా ఉంది. దోస్తులతో వాలరెంట్ ఆడాలి, ఆడుకుంటూ డిస్కార్డ్‌లో మాట్లాడాలి, ఓబీఎస్‌తో రికార్డు చేయాలి, వెనక క్రోమ్‌లో ఇరవై ట్యాబులు తెరిచి ఉండాలి. అన్నీ ఒకేసారి.

అక్క అంగన్‌వాడీ టీచర్. లక్ష రూపాయల చిట్టీ పాట పాడి ఎత్తితే చేతికి 88 వేలొచ్చినయి. ఇంకా 14 నెలలు కట్టాలి.

"గేమింగ్ కంప్యూటర్ కొనుక్కుంట మామా" అన్నడు చిన్నోడు.

"ఆటల కంప్యూటర్ మనకెందుకురా? ఎడిటింగ్‌కు మామూలుది చాలు" అన్న నేను.

వాడు ఏమీ అనలే.

మర్నాడు ఇద్దరం మా టౌన్లో ఒక షాపుకు పోయినం. షాపాయన నన్ను ఎరుగు. ఎవరికి, ఏం పనికి అని అడగకుండానే లోపలి నుంచి ఒక సీపీయూ తెచ్చి బల్ల మీద పెట్టిండు. రంగురంగుల లైట్లు వెలుగుతున్నయి. "ఐ5 అన్నా, 16 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు ఉంది. మీవోళ్లకు ఇది చాలు."

చిన్నోడు మెల్లగా అడిగిండు: "ఐ5 ఏ జనరేషన్ అన్నా?"

ఆయన చెప్పలే. చిన్నోడే మానిటర్ తగిలించి చూసిండు. నాలుగో జనరేషన్. అంటే 2013 నాటిది. నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లు, డీడీఆర్3 ర్యామ్. ఏదో ఆఫీసు తీసేసిన డబ్బాకు కొత్త అద్దాలు, లైట్లు తొడిగిండ్రు. దాని మీద విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, ఇంటెల్‌లో దానికి 8వ జనరేషన్ అయినా ఉండాలి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది గుర్తుపెట్టుకోండి. "ఐ5" అన్న పేరు ఒక్కటే వింటే ఏమీ తెలియదు. 2009 నుంచి ఐ5లు వస్తూనే ఉన్నాయి. పూర్తి నంబరు అడగండి. చెప్పకపోతే లేచి రండి.

మేమూ లేచి వచ్చినం. బండి మీద వెనక కూర్చుని చిన్నోడు అన్నడు: "మామా, నువ్వన్నదీ ఆయనన్నదీ ఒకటే మాట."

బండి పక్కకు ఆపిన. హాస్టల్లో మాకు చారు పోసేటప్పుడు "చాలు చాలు" అనుకుంటూ గంటె వెనక్కి తీసుకున్న చేతులు గుర్తొచ్చినయి. తినేది నేను, చాలు అనేది వాళ్లు. నా మేనల్లుడికి ఆ గంటె నేను పట్టుకున్న. మన పిల్లలు చదవాలి, కొట్లాడాలి, పని చేయాలి. ఆడుకోవాలి అని మాత్రం మన నోటి నుంచి రాదు. ఎందుకు రాదో నన్ను నేను అడుక్కున్న.

ఆ రాత్రి వాడు నోటుబుక్కు తెచ్చి ముందర పెట్టిండు. వాడు చెప్పిన లెక్క ఇది.

ప్రాసెసర్ అంటే వంటశాల అనుకోండి. కోర్లు పొయ్యిలు. థ్రెడ్లు అంటే ఒక్కో పొయ్యి మీద ఇద్దరు వంటోళ్లు వంతులేసుకోవడం. ఆటకు ఎక్కువ పొయ్యిలు అక్కర్లేదు, ఉన్న కొన్నింటి మంట బలంగా ఉండాలి. ఎడిటింగ్, రెండరింగ్‌కు పొయ్యిలు ఎన్ని ఉంటే అంత మంచిది. రెండు పనులూ చేసే మనిషికి బలమైన కోర్లు ఆరైనా కావాలి.

మరి ఆడుతూ రికార్డు చేస్తే? దానికి ఇంకా పెద్ద ప్రాసెసర్ కావాలేమో అనుకున్న నేను. అక్కర్లేదట. ఈ కాలం గ్రాఫిక్స్ కార్డుల్లో వీడియోను కుదించే భాగం విడిగా ఉంటుంది. ఎన్విడియాలో దాని పేరు ఎన్‌వెంక్. ఓబీఎస్ సెట్టింగుల్లో దాన్ని ఎంచుకుంటే రికార్డింగ్ బరువు చాలావరకు ప్రాసెసర్ మీద పడదు. అట్లా ఒక పెద్ద ఖర్చు తప్పుతుంది.

ఇక అసలు తగాదా: ఏ ప్లాట్‌ఫామ్? మూడు దారులు రాసిండు.

ఒకటి, ఏఎండీ పాత సాకెట్ ఏఎం4. రైజెన్ 7 5700ఎక్స్: 8 కోర్లు, 16 థ్రెడ్లు. బోర్డు చవక, అప్పుడు డీడీఆర్4 ర్యామ్ కూడా చవకే.

రెండు, ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్. ఐ5 14400: 6 పెద్ద కోర్లు, 4 చిన్న కోర్లు, మొత్తం 16 థ్రెడ్లు. డీడీఆర్4 బోర్డు కూడా దొరుకుతుంది.

మూడు, ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5. రైజెన్ 5 7600: 6 కోర్లు, 12 థ్రెడ్లు. బోర్డు ఖరీదు, డీడీఆర్5 తప్ప వేరే ర్యామ్ పట్టదు.

వాడు మూడో దానికి టిక్కు పెట్టిండు. నాకు అర్థం కాలే. తక్కువ కోర్లకు ఎక్కువ డబ్బులు ఎందుకు?

"మామా, ఆ రెండు సాకెట్లూ ఆఖరి అంతస్తుకొచ్చినయి" అన్నడు. ఇంటెల్ 2024 అక్టోబరులో కొత్త ప్రాసెసర్లను ఎల్‌జీఏ 1851 అనే వేరే సాకెట్‌కు మార్చింది. ఏఎం4 మీద రైజెన్లు 2017లో మొదలై 5000 సిరీస్ దాకా నడిచాయి. ఏఎం5 2022లో వచ్చింది, దాని మీదికే 2024లో 9000 సిరీస్ కూడా వచ్చింది. 2027 దాటేదాకా దాన్ని నడిపిస్తామని ఏఎండీ చెప్పింది. ఏఎం4లో 2017 నాటి బోర్డు కొన్న చాలామంది బయోస్ అప్‌డేట్ చేసుకొని 2022లో వచ్చిన ప్రాసెసర్‌ను అదే బోర్డు మీద పెట్టుకోగలిగారు. బోర్డు మారలేదు, ర్యామ్ మారలేదు.

గడప మీద కూర్చుని బియ్యం ఏరుతున్న అక్క తల ఎత్తింది. "అంటే పిల్లర్ల మీద చువ్వలు వదిలినట్టా?"

మా వాడలో ఇండ్లు చూసినవాళ్లకు తెలుసు. చేతిలో ఉన్న డబ్బుకు ఒక గదే లేస్తుంది. అయినా స్లాబ్ మీద ఇనుప చువ్వలు బయటికి వదిలేస్తారు. రేపు కొడుకు సంపాదిస్తే పైన ఇంకో గది వేయాలని. తుప్పు పట్టకుండా పాత ప్లాస్టిక్ బాటిళ్లు బోర్లిస్తారు. అక్క ఇంటి మీద ఆ చువ్వలు పదకొండేండ్లుగా ఉన్నాయి.

"అంతే అమ్మా" అన్నడు చిన్నోడు.

ఏటేటా కంప్యూటర్ మార్చేవాడికి ప్లాట్‌ఫామ్ పెద్ద సంగతి కాదు. జీవితంలో ఒక్కసారి చిట్టీ ఎత్తేవాళ్లకు అదే పెద్ద సంగతి. మూడేండ్ల తర్వాత చేతిలో 20 వేలుంటే ప్రాసెసర్ ఒక్కటి మార్చాలా, డబ్బా మొత్తం మార్చాలా అన్నది ఈ రోజు తీసుకునే బోర్డు తేలుస్తుంది.

అందరికీ ఇదే దారి అనడం లేదు. చేతిలో 50 వేలే ఉండి, ఐదేండ్లు మార్చే ఆలోచన లేనివాళ్లకు ఏఎం4 ఇప్పటికీ మంచి బేరం. ఎక్కువగా ఎడిటింగే చేసేవాళ్లకు ఇంటెల్‌లో క్విక్ సింక్ బాగా పనికొస్తుంది. కాకపోతే ఎఫ్ అక్షరం ఉన్న మోడళ్లలో అది ఉండదు. ఇంటెల్ 13, 14 జనరేషన్ల సెకండ్ హ్యాండ్ ప్రాసెసర్లు కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. వాటిలో చాలా మోడళ్లకు వోల్టేజీ సమస్య ఉందని 2024లో బయటపడింది. ఇంటెల్ మైక్రోకోడ్ మార్చింది, వారంటీని రెండేండ్లు పెంచింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను మాత్రం ఏ అప్‌డేటూ బాగుచేయదు. బిల్లు, వారంటీ లేకుండా ముట్టుకోవద్దు.

సిగ్గుతో ఉన్న నేను, "7800ఎక్స్3డీ ఆటలకు రాజంటరు కదరా, అదే తీసుకో, మిగతాది నేను అప్పు తెస్తా" అన్న. వాడు నవ్విండు. "మన కార్డుకు, మన ఆటకు అది దండగ మామా. నాకు ఆరు కోర్లు చాలు."

చాలు. అదే మాట. ఈసారి లెక్క చూసుకొని, తినేవాడు తన నోటితో అన్నడు.

సికింద్రాబాద్ పోయి సామాన్లు తెచ్చినం. 7600, బీ650 బోర్డు, 16 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు, ఆర్‌టీఎక్స్ 4060, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ, 650 వాట్ల మంచి పవర్ సప్లై. ర్యామ్ ఒక్కటే 32 కాకుండా రెండు 16లు తీసుకోవాలి, రెండు దారుల్లో డేటా నడుస్తుంది. ఈ ప్రాసెసర్ డబ్బాలోనే కూలర్ వస్తుంది. మానిటర్ మా ఆఫీసులో మూలన పడ్డ పాతదే. 86 వేలైంది.

బిగించింది చిన్నోడే. ఏఎం5లో సన్న పిన్నులు బోర్డు మీదే ఉంటాయి, ఒక్కటి వంగినా బోర్డు పోయినట్టే. వాడు ఊపిరి బిగబట్టి ప్రాసెసర్‌ను అందులో వదిలిండు, నొక్కలే. స్విచ్ వేసిండు. ఫ్యాన్ తిరిగింది. తెర నల్లగానే ఉంది. ఒక నిమిషం. రెండు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. 86 వేలు. నేను స్విచ్ తీసేయబోతే వాడు నా చెయ్యి పట్టుకున్నడు. "ఆగు మామా. మొదటిసారి ర్యామ్‌ను పరీక్ష చేసుకుంటది. టైమ్ పడతది." మీకూ ఇట్లా అయితే భయపడి ఆపేయకండి. నాలుగో నిమిషంలో తెర వెలిగింది.

రాత్రంతా నడిచే రెండర్ ఇప్పుడు అన్నం తిని చెయ్యి కడుక్కునేలోపు అయిపోతోంది. మిగిలిన రాత్రి వాడు ఆడుకుంటడు. పక్క గదిలో పడుకొని వాడు దోస్తులతో నవ్వుతుంటే వింటా. "ఇక చాలు, పడుకోరా" అనాలని నోటిదాకా వస్తది. పరీక్షల ముందు అంటా కూడా. మిగతా రోజుల్లో అనను.

మీ బడ్జెట్ ఎంతో, ఏం పనికో కింద రాయండి. చిన్నోడు జవాబిస్తనన్నడు.

జై భీమ్.