ఆర్టీఏకి నేనెందుకు బాకీ?

మొన్న కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉత్తరం వచ్చింది. అందులో ఓ లైను: ఆర్టీఏ టాక్సు. ఆర్టీఏ అంటే మనకి గుర్తొచ్చేది ఒకటే కదా.. చేతిలో ఫైలు, ఎండలో క్యూ, ఎనిమిది ఆకారంలో బండి నడిపి చూపించడం. "సియాటెల్ వచ్చినా వదల్లేదే!" అనుకున్నా :)

తీరా చూస్తే ఇది రైలు పన్ను. ఇక్కడ లైట్ రైలు కట్టే సౌండ్ ట్రాన్సిట్ చట్టప్రకారం ఒక "రీజనల్ ట్రాన్సిట్ అథారిటీ", అదీ ఈ ఆర్టీఏ. కారుకి వాళ్ళు లెక్కగట్టిన విలువలో 1.1 శాతం, ఏటేటా. మన దగ్గర లైఫ్ టాక్సు ఒకసారి కట్టి మర్చిపోతాం కాబట్టి కాస్త చురుక్కుమంది. ఇది కాక, పచారీ సరుకుల్లాంటివి వదిలేస్తే దాదాపు ఏది కొన్నా 10 డాలర్లకి 14 సెంట్లు రైలుకే. సొంత ఇల్లుంటే ఆస్తిపన్ను అదనం.

ఇవన్నీ జనం ఓటేసి ఒప్పుకున్న పన్నులు. నాకేమో ఓటు లేదు. హెచ్1బి మీదున్నవాడికి బిల్లు మాత్రం ఠంచనుగా వస్తుంది. లంచ్‌లో డబ్బాలు తెరిచి ఇదే గొడవ పెడుతుంటే మా టీములో ఓ తెలుగాయన, ఎప్పుడో సిటిజన్ అయిపోయినాయన, అడిగారు.

"పొద్దున ఆఫీసుకి ఎలా వచ్చావు?"

"రైల్లోనండీ."

"ఆ రైలుకి నేను 2008లో ఓటేశానయ్యా. అది వచ్చేసరికి మావాడి స్కూలు, కాలేజీ అన్నీ అయిపోయాయి."

నాకిక మాట రాలేదు. 2008లో నేను వరంగల్లో ఆరో తరగతి. అప్పుడు ఒప్పుకున్న పన్నుతో బెల్‌వ్యూ - రెడ్‌మండ్ మధ్య రైలు మొదలైంది 2024 ఏప్రిల్లో. ఆయన సుమారు 15 ఏళ్ళు కట్టారు, నేను వచ్చీ రాగానే ఎక్కి కూర్చున్నా.

ఈ ఊరు ఊరికే ఒప్పుకోలేదు కూడా. 1968లో మెట్రో కోసం అడిగితే సగం మందికి పైగా సరేనన్నారు, కానీ కావల్సింది 60 శాతం. 1970లో మళ్ళీ అడిగితే అంత కూడా రాలేదు. ఇక్కడికి రావాల్సిన కేంద్రం డబ్బు అట్లాంటాకి పోయింది. 2007లో రోడ్లూ రైలూ కలిపి అడిగితే మళ్ళీ కాదన్నారు. మరుసటేడు రైలుకీ బస్సుకీ మాత్రం అడిగితే ఒప్పుకున్నారు.

ఇప్పుడు మన హైదరాబాద్ సంగతి. 2017లో మెట్రో వచ్చినప్పుడు అందరం సంబరపడ్డాం. ప్రైవేటు కంపెనీ కడుతోంది, టిక్కెట్లూ మాల్సూ చూసుకుంటాయి, మన జేబుకేం సంబంధం అనుకున్నాం. 2025 సెప్టెంబరులో, సుమారు 13 వేల కోట్ల అప్పుతో సహా దాన్ని తీసుకోడానికి రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ అప్పు తీర్చేది ఎవరు? మెట్రో ఎక్కనివాడితో సహా జనమే. కాకపోతే ఏ బిల్లులోనూ ఆ లైను కనపడదు. కనపడని పన్ను గురించి ఎవరు నిలదీస్తారు చెప్పండి?

ఇక్కడ లైను కనపడింది కాబట్టే తగువూ జరిగింది. 2016లో ఇంకో విడతకి ఓటేశాక, కారు విలువని పాత పట్టికతో ఎక్కువ లెక్కేస్తున్నారని జనం గోల చేశారు. 2019లో ఈ రుసుములు తగ్గించమని రాష్ట్రమంతా ఓటేశారు. 2020లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది, అది వేరే విషయం. కానీ ఎవరి దగ్గర ఎంత, ఎందుకు తీసుకుంటున్నారో అందరికీ తెలిసింది.

అలాగని ఈ పద్ధతి గొప్పదని అనను. మా ఆఫీసు ఊడ్చే ఆవిడకీ, నాకూ ఒకే 14 సెంట్లు. ఆవిడ జీతంలో అది నాకంటే చాలా పెద్ద ముక్క. ఓటు లేదన్న నా బాధ కూడా పోలేదు.

అయినా ఈసారి గొణక్కుండా కట్టేశా. వరంగల్లో చదువుకుంటున్న ఓ ఆరో తరగతి కుర్రాడు రేపు ఇక్కడికొచ్చి, నేను ఎక్కబోని ఏదో రైలెక్కి "ఈ టాక్సేంటి?" అని తిట్టుకుంటాడేమో. తిట్టుకోనీండి. లెక్క మాత్రం అడగాలి.

మన ఊళ్ళో కూడా "మెట్రోకి ఇంత" అని బిల్లులో ఓ లైను వేస్తామంటే మీరు ఒప్పుకుంటారా? నేనైతే ఒప్పుకుంటా.. ముందు నన్నడిగితే!