పానగల్ చెరువులో పక్షుల మ్యాట్నీ

ఔట్‌డోర్ అనగానే మనవాళ్లకి ఊటీ, కాశ్మీర్, మరీ దగ్గరైతే అరకు! పక్షులంటారా... పులికాట్, కొల్లేరు. "నల్గొండలో పక్షుల్ని చూసొద్దాం రండి" అని నేనంటే, "మే నెలలోనా? రాళ్లూ ఎండా తప్ప అక్కడేముందయ్యా!" అంటూ మిత్రులంతా తప్పుకున్నారు. సరే, ఒక్కణ్ణే బయల్దేరాను.

పులికాట్ గొప్పదే, కాదనను. ఉప్పునీటి సరస్సుల్లో మన దేశంలో చిలికా తర్వాత దానిదే స్థానం. పక్కనే 1976లో ఏర్పడిన నేలపట్టు శాంక్చువరీలో చలికాలమంతా గూడబాతుల సంసారాలు కన్నులపండుగ. కానీ ఎండలు ముదిరితే పులికాట్ ఉత్తర భాగం చాలావరకు ఎండిపోతుంది. మధ్య ఆసియా నుంచి హిమాలయాలు దాటి వచ్చిన బాతులు అప్పటికే తిరుగు ప్రయాణం కట్టేస్తాయి. అంటే గెస్ట్ ఆర్టిస్టులు వెళ్లిపోయారన్నమాట! మరి మన లోకల్ ఆర్టిస్టులు? ఎక్కడ నీళ్లుంటే అక్కడికి చేరతాయి. నల్గొండ పట్నానికి ఆనుకున్నట్టుండే పానగల్‌లో ఉదయసముద్రం సరిగ్గా అలాంటి చోటు.

పేరులోనే సముద్రం ఉంది గాని ఇది చెరువే. కాకతీయులకు సామంతులైన కుందూరు చోడుల రాజధాని పానగల్. ఆ వంశంలోని ఉదయ చోడుడి పేరే ఈ చెరువుకు నిలిచింది. ఇప్పుడిది రిజర్వాయర్ కూడా. నాగార్జునసాగర్ వెనకనీటిని పుట్టంగండి దగ్గర పైకి ఎత్తి, అక్కంపల్లి మీదుగా కాలువలో ఇక్కడికి తెస్తున్నారు. చుట్టుపక్కల చెరువులు బీటలు వారినా ఇక్కడ నీటి మెరుపు కనిపించేది అందుకే.

మార్నింగ్ షో

ఆరు కాకముందే కట్ట ఎక్కాను. మొదట కనిపించింది గుడ్డి కొంగ. మామూలు రోజుల్లో బురద రంగులో, బురదలోనే కలిసిపోయి ఉంటుంది. వేసవి వచ్చిందంటే దాని మేకప్ చూడాలి... వీపంతా ముదురు ఎరుపు శాలువా! చటుక్కున ఎగిరితే తెల్లటి రెక్కలు! ఇంత ఫాస్ట్‌గా డ్రెస్ మార్చే హీరోయిన్ని మన స్టూడియోల్లో నేనింతవరకూ చూడలేదు.

కాస్త దూరంలో నత్తగొట్టు కొంగలు. వాటి ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. నత్తల్ని పట్టి, లోపలి మెత్తని మాంసం లాగడానికి అలాంటి ముక్కే కావాలి. వాటి పక్కన ఎర్రకాళ్ల కొంగలు నాలుగు. ముక్కు సగం తెరిచి మోకాలి లోతు నీళ్లలో అటూ ఇటూ ఊపుతున్నాయి. చేప తగిలిందా, టక్కున మూత! కళ్లతో కాదు, స్పర్శతో వేట.

నా మెళ్లో బైనాక్యులర్స్ చూసి, తెప్ప మీంచి వల దులుపుతున్న ముసలాయన పలకరించాడు.

"ఏం బిడ్డా, సిన్మా తీసెటందుకు జాగ సూస్తున్నవా?"

"లేదు తాతా, పిట్టల్ని చూడ్డానికొచ్చాను."

ఆయన నవ్వాడు. "గిప్పుడైతె జరన్ని ఉన్నయి. నీళ్లు దిగితె బురద తేలుతది. బురద తేలితె కొంగలు దిగుతయి. చెరువు నిండుగుంటె మాకు మంచిదే బిడ్డా, అవ్విటికే ఉపాసం."

పుస్తకాలు పేజీల కొద్దీ చెప్పేదాన్ని తాత నాలుగు ముక్కల్లో తేల్చేశాడు! లోతు నీళ్లలో మునిగి చేపను పట్టే నీటికాకికి, బుడుబుంగకు బెంగ లేదు. కాళ్ల మీద నిలబడి తినే కొంగలకు మాత్రం జానెడు, మూరెడు నీళ్లుండే అంచే అన్నం కంచం. చెరువు ఎంత పెద్దదన్నది కాదు, దాని అంచు ఎంత పలచగా ఉందన్నదే వాటికి లెక్క.

మ్యాట్నీ

పన్నెండు దాటాక కట్ట మీద నిలబడితే చెప్పుల్లోంచి కూడా సెగ! ఛాయా సోమేశ్వరాలయంలో తలదాచుకున్నాను. అక్కడ గర్భగుడిలో పొద్దు ఎటు తిరిగినా నీడ కదలకుండా ఉండడం విశేషం. ఆ చల్లదనంలో కాసేపు కూర్చుని, ఎండ వాలకముందే మళ్లీ చెరువు దారి పట్టాను.

దారిలో గులకరాళ్ల నేల మీద తీతువు పిట్ట గోల! మన సినిమాల్లో అర్ధరాత్రి సీన్‌కి కీడు శకునంగా కూయించేది దీన్నే. నిజానికి అది కూసేది ఎవరి చావు కోసమూ కాదు... తన గుడ్ల కోసం! గూడంటూ లేకుండా నేల మీదే పెడుతుంది. గుడ్లు అచ్చం గులకరాళ్లే. మిట్టమధ్యాహ్నం వాటి మీద నిలబడి నీడ పడుతుంది. చెరువుకి పరుగెత్తి పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. మనం ఫొటో కోసం దగ్గర నిలబడితే అది దూరంగా ఉండిపోతుంది, గుడ్లు ఎండకు ఉడికిపోతాయి. అందుకే నేను పక్కదారి పట్టాను.

ఫస్ట్ షో

సాయంత్రం ఎండ మెత్తబడింది. లకుముకి పిట్ట గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి, రాయిలా నీళ్లలో పడింది. నీటికాకులు రాళ్ల మీద రెక్కలు చాపి ఆరబెట్టుకున్నాయి. తెల్లకొంగలు బారులు తీరి ఇళ్లకు మళ్లాయి.

సాలిం అలీ 1930ల మొదట్లో నైజాం రాజ్యమంతా తిరిగి పక్షుల లెక్క రాశారు. అలాంటి లెక్క ఇవాళ మనమూ రాయొచ్చు. ఒక నోట్‌బుక్కూ ఓపికా చాలు. హిచ్‌కాక్ 'ది బర్డ్స్' (1963)లో పక్షులు మనుషుల మీద దండెత్తాయి. మన ఊళ్లలో జరిగేది దానికి రివర్సు! చెరువులో నీళ్లు ఉండాల్సిందే, మనుషుల దాహం ముందు. కానీ అంచున మట్టి పోసి, చదును చేసి, బెంచీలేసి "అందం" తెస్తే ఆ పలచని నీళ్లు పోతాయి. కంచం తీసేసి హాలుకి రంగులేసినట్టు!

వచ్చే ఆదివారం సినిమాకి టిక్కెట్లు దొరక్కపోతే పానగల్ బస్సెక్కండి. తెల్లారేసరికి కట్ట మీద ఉండండి. మంచినీళ్లు, టోపీ మర్చిపోకండి. ముదురు ఎరుపు శాలువా కప్పుకున్న గుడ్డి కొంగ కనిపిస్తే ఈల మాత్రం వెయ్యకండేం!